చిలుకలో దాచిన ప్రాణం



ఏడు సముద్రాల అవతల ఒక దీవి. దీవిలో మర్రిచెట్టు. చెట్టు తొర్రలో పంజరం, పంజరంలో చిలుక, ఆ చిలుకలో మాంత్రికుడి ప్రాణం. తెలుగింట్లో పెరిగినవాళ్ళలో ఈ దారి తెలియనివాళ్ళు అరుదు. ఎవరు చెప్పారో, ఎప్పుడు విన్నామో గుర్తుండదు గానీ దారి మాత్రం గుర్తుంటుంది. ఇవాళ నేను మాట్లాడబోయేది ఈ ఒక్క కథ గురించే. అద్భుత కథలు ఎక్కడ పుట్టాయి, ఎలా పెరిగాయి అన్నది చాలా పెద్ద ప్రశ్న. దాన్నంతా ఒక్కసారి ఎత్తుకుంటే పేర్లూ తేదీలూ తప్ప ఏమీ మిగలవు. అదే ఒక్క కథ వెనకాల నడుచుకుంటూ పోతే నార్వే దాకా, రష్యా దాకా, మూడు వేల ఏళ్ళ కిందటి ఈజిప్టు దాకా వెళ్ళి రావచ్చు.

మన దగ్గర ఈ కథ పేరు బాలనాగమ్మ. జంగాలు తంబుర మీటుతూ, పక్కన వంతలు గుమ్మెట వాయిస్తూ రాత్రి పొడుగునా చెప్పిన కథ ఇది. తెలిసిన కథే అయినా ఒకసారి చెప్పుకుందాం, ఇందులో ప్రతి చిన్న సంగతీ ముందు ముందు మనకు పనికొస్తుంది. పానుగంటి రాజుగారికి ఏడుగురు కూతుళ్ళు. తల్లి పోయింది, సవతి తల్లి వచ్చింది, పిల్లలు పడరాని పాట్లు పడ్డారు. చివరికి ఇంకో రాజుగారి ఏడుగురు కొడుకులు ఈ ఏడుగురినీ పెళ్ళాడారు. అందరిలోకీ చిన్నది బాలనాగమ్మ, ఆమె భర్త కార్యవర్ధి రాజు. మగవాళ్ళు ఇంట లేని వేళ, బిడ్డ ఉయ్యాలలో ఉండగా, మాయల ఫకీరు భిక్షకని వచ్చాడు. బాలనాగమ్మను కుక్కగా మార్చి వెంట తీసుకుపోయాడు. ఆమెను వెతుక్కుంటూ వెళ్ళిన భర్తా, బావలూ, దండూ అందరూ రాళ్ళయిపోయారు. బాలనాగమ్మ తాను వ్రతంలో ఉన్నాననీ, అది తీరేదాకా తనను తాకకూడదనీ చెప్పి ఫకీరును ఏళ్ళ తరబడి దూరంగా నిలబెట్టింది. ఉయ్యాలలోని బిడ్డ, బాలవర్ధి, పెద్దమ్మల చేతుల్లో పెరిగాడు. తల్లి సంగతి తెలిసి బయల్దేరాడు. పూలు కట్టి అమ్ముకునే ఒక ముసలమ్మ ఇంట్లో దిగి, ఆమె ఇచ్చే పూలతోపాటు ఉంగరం పంపి, తానెవరో తల్లికి తెలియజేశాడు. తల్లి ఫకీరును మాటల్లో పెట్టి ప్రాణం గుట్టు రాబట్టింది. కొడుకు వెళ్ళి చిలుకను తెచ్చాడు. రెక్క విరిస్తే ఫకీరు చెయ్యి ఊడింది. కాలు విరిస్తే కాలు ఊడింది. మెడ తిప్పితే వాడి పని అయిపోయింది. రాళ్ళన్నీ మళ్ళీ మనుషులయ్యాయి.

చెప్పే ఊరిని బట్టి పేర్లు మారతాయి, వరసలు మారతాయి. అయినా కథ నడక ఇదే.

ఇప్పుడు 1865వ సంవత్సరం చలికాలానికి వెళ్దాం. బొంబాయి గవర్నరు సర్ బార్టిల్ ఫ్రియర్ దక్కనులో పర్యటన మీద ఉన్నాడు. ఆయన కూతురు మేరీ ఫ్రియర్ కూడా ఆ గుడారాల వెంట తిరుగుతోంది. ఆమెకు తోడుగా అన్నా లిబెరాటా డిసౌజా అనే ఆయా ఉంది. అన్నా తాత లింగాయతు, తర్వాత క్రైస్తవంలో కలిశాడు. అన్నా భర్త పోయాక బతుకుతెరువు కోసం ఆయాగా చేరింది. చేతికందిన కొడుకు పూనాలో ఏటిలో మునిగిపోయాడు. ఆ పర్యటనలో మేరీ ఆమెను ఒక కథ చెప్పమని అడిగింది. అన్నా తన అమ్మమ్మ దగ్గర విన్న కథలు ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయింది. మేరీ వాటిని రాసుకుంది. 1868లో లండనులో అవి పుస్తకంగా వచ్చాయి. దాని పేరు ‘ఓల్డ్ దక్కన్ డేస్’.

ఆ పుస్తకంలో మొదటి కథ తెరిస్తే ఒళ్ళు జలదరిస్తుంది. రాజుగారికి ఏడుగురు కూతుళ్ళు. తల్లి పోయింది, సవతి తల్లి వచ్చింది. ఏడుగురు రాకుమారులతో పెళ్ళిళ్ళయ్యాయి. అందరిలోకీ చిన్నదాని పేరు బాల్నా. బిడ్డ ఉయ్యాలలో ఉండగా ఫకీరు వచ్చాడు, ఆమెను చిన్న నల్ల కుక్కగా మార్చి తీసుకుపోయాడు. వెతకబోయినవాళ్ళు రాళ్ళయ్యారు, చెట్లయ్యారు. కొడుకు పెరిగి వచ్చి తోటమాలి భార్య ఇంట్లో దిగాడు, పూల గుత్తిలో ఉంగరం దాచి తల్లికి పంపాడు. తల్లి మాంత్రికుడి గుట్టు లాగింది. ఎక్కడో కీకారణ్యం నడుమ తాళ్ళు గుండ్రంగా నిలబడి ఉంటాయి, వాటి మధ్య నీళ్ళ కుండలు ఒకదాని మీద ఒకటి ఆరు, అట్టడుగు కుండ కింద పంజరం, అందులో పచ్చని చిలుక. అన్నా చెప్పిన ఈ బాల్నా మన బాలనాగమ్మే, సందేహం లేదు. కన్నడం, మరాఠీ, కొంకణి, తెలుగు కలిసి మెలిసి తిరిగే దక్కను నేల మీద ఈ కథ ఏ భాషలో ముందు పుట్టిందో తేల్చడం ఎవరి తరమూ కాదు. భాషల మధ్య మనం గీసుకున్న గీతలు కథకు పట్టలేదు.

ఒక్క సంగతి మాత్రం చెప్పుకోవాలి. మేరీ ఫ్రియర్ తన పుస్తకంలో అన్నా జీవితాన్ని, అన్నా చెప్పినట్టుగానే, ఒక పూర్తి అధ్యాయంగా చేర్చింది. ఆ కాలంలో కథలు పోగుచేసినవాళ్ళు ఈ పని చేయడం చాలా అరుదు. కథ చెప్పిన ముసలమ్మకు ఊరూ పేరూ ఉండేవి కావు, పుస్తకం అట్ట మీద పోగుచేసిన దొరగారి పేరు ఉండేది. జర్మనీలో గ్రిమ్ సోదరులకు కథలు చెప్పినవాళ్ళ విషయంలోనూ ఇలాగే జరిగింది. వాళ్ళ మొదటి సంపుటం 1812లో వచ్చింది. అందులో ‘మారీ’ అనే ఆవిడ చెప్పిన కథలున్నాయి. ఆమె ఒక ఇంట్లోని ముసలి దాది అని చాలా కాలం నమ్మారు. 1970లలో హైన్జ్ రోలెకె అనే పండితుడు ఆరా తీస్తే ఆ మారీ దాది కాదని తేలింది. ఆమె చదువుకున్న కుటుంబంలోని యువతి, మారీ హాసెన్‌ప్ఫ్లుగ్. వాళ్ళ కుటుంబానికి ఫ్రాన్సు నుంచి వలస వచ్చిన పూర్వీకులున్నారు. అచ్చమైన జర్మను పల్లె కథలు అని లోకం అనుకున్నవాటిలో కొన్ని ఫ్రెంచి ఇళ్ళ మీదుగా వచ్చాయన్నమాట. చెప్పిన మనిషి ఎవరో తెలిస్తే కథ ప్రయాణం తెలుస్తుంది. ఆ పేరు పోతే కథ నడిచి వచ్చిన బాట కూడా చెరిగిపోతుంది. అందుకే అన్నా లిబెరాటా పేరంటే నాకు అంత గౌరవం.

మళ్ళీ మన చిలుక దగ్గరికి వద్దాం. ఈసారి నార్వే. 19వ శతాబ్దం నడుమ ఆస్బ్యోర్న్‌సెన్, మో అనే ఇద్దరు మిత్రులు అక్కడి ఊళ్ళలో కథలు పోగుచేశారు. అందులో ఒకటి ఒంట్లో గుండె లేని రాక్షసుడి కథ. ఆరుగురు రాకుమారులూ వాళ్ళ పెళ్ళికూతుళ్ళూ ఆ రాక్షసుడి వల్ల రాళ్ళయిపోయారు. వాళ్ళ చిన్న తమ్ముడు వెతుక్కుంటూ వెళ్ళాడు. రాక్షసుడి ఇంట్లో చెరపట్టిన రాకుమారి ఉంది. నీ గుండె ఎక్కడుంది అని ఆమె వాణ్ణి అడుగుతుంది. గడప కింద ఉంది అంటాడు. మర్నాడు ఆమె గడప నిండా పూలు పరుస్తుంది. అది చూసి వాడు నవ్వి, గడప కింద లేదు, గోడ బీరువాలో ఉంది అంటాడు. మర్నాడు బీరువాకు పూలదండలు. ఇంత ప్రేమా అని వాడు మెత్తబడి మూడోసారి నిజం చెప్పేస్తాడు. దూరాన ఒక సరస్సు, సరస్సులో దీవి, దీవిలో చర్చి, చర్చిలో బావి, బావిలో బాతు, బాతులో గుడ్డు, గుడ్డులో గుండె.

రష్యాకు వెళ్తే ఆ రాక్షసుడి పేరు కొషే. చావు లేనివాడు అని బిరుదు. అఫనాస్యెవ్ 1855 నుంచి 1863 దాకా అచ్చువేసిన రష్యను కథల్లో వీడున్నాడు. సముద్రం మధ్య బుయాన్ దీవి, అక్కడ ఓక్ చెట్టు, దాని కింద పెట్టె, పెట్టెలో కుందేలు, కుందేలులో బాతు, బాతులో గుడ్డు. ఇక్కడా చెరలో ఉన్న స్త్రీయే అడుగుతుంది. వాడు ముందు అబద్ధం చెబుతాడు, నా చావు చీపురులో ఉంది అంటాడు. ఆమె ఆ చీపురుకు బంగారు పూత పూయిస్తుంది. నార్వే రాకుమారి గడపకు చేసిన పూజే ఇక్కడ చీపురుకు జరిగింది.

వేల మైళ్ళ దూరంలో, ఒకరినొకరు ఎరగని మనుషుల నోట ఇంత దగ్గరి పోలిక ఎలా వచ్చింది? దీని మీద నూరేళ్ళకు పైగా పెద్ద వాదమే నడిచింది. 1859లో థియోడర్ బెన్‌ఫే అనే జర్మను పండితుడు పంచతంత్రాన్ని అనువదిస్తూ, ఐరోపా కథల్లో చాలామటుకు భారతదేశంలో పుట్టి, పారశీకం, అరబ్బీ మీదుగా పడమటికి నడిచాయన్నాడు. పంచతంత్రం విషయంలో ఆ దారి నిజమే, గ్రంథాల సాక్ష్యం ఉంది. కానీ అన్ని కథలకూ ఒకే పుట్టిల్లు చూపించబోవడం దగ్గరే ఆయన తడబడ్డాడని నా అభిప్రాయం. మన దేశం మీద అభిమానంతో ఆ సిద్ధాంతాన్ని కళ్ళు మూసుకుని ఒప్పుకోవడం కథలకు న్యాయం కాదు. జేమ్స్ ఫ్రేజర్ ఇంకో తోవ పట్టాడు. 1890లో వచ్చిన ‘గోల్డెన్ బౌ’లో ఆయన ఈ కథలనే వరసగా పేర్చాడు. అన్నా చెప్పిన కథ కూడా అందులో ఉంది. ప్రాణాన్ని ఒంట్లోంచి తీసి భద్రమైన చోట దాచుకోవచ్చని ఆదిమ మానవుడు నిజంగానే నమ్మాడనీ, ఆ నమ్మకమే కథగా మిగిలిందనీ ఆయన వాదన. తర్వాత ఫిన్లండు పండితుడు ఆంటి ఆర్నె 1910లో కథలకు పట్టిక కట్టాడు, అమెరికాలో స్టిత్ థామ్సన్ దాన్ని పెంచాడు. ఆ పట్టికలో మన చిలుక కథ 302వ నంబరు. పట్టిక చాలా ఉపయోగపడే పనిముట్టు. ప్రపంచంలో ఎక్కడ ఏ రూపం ఉందో చూపిస్తుంది. ఎందుకు ఉందో చెప్పదు. 2016లో సారా గ్రాసా డా సిల్వా, జమ్‌షీద్ తెహ్రానీ అనే ఇద్దరు పరిశోధకులు జీవశాస్త్రంలో వంశవృక్షాలు గీసే పద్ధతిని అద్భుత కథలకు వాడి చూశారు. దయ్యాన్ని మోసం చేసిన కమ్మరి కథ వంటివి కంచుయుగం నాటివి కావచ్చని వాళ్ళు తేల్చారు. అంటే రాత కన్నా నోటికే ఎక్కువ జ్ఞాపకం ఉందని ఒప్పుకోవలసి వస్తోంది.

రాతలో దొరికిన సాక్ష్యాల్లో చాలా పాతది ఒకటి లండనులో బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. డోర్బినే అనే ఆవిడ దగ్గర 1857లో కొన్న పపైరస్ చుట్ట అది. క్రీస్తుపూర్వం 1200 ప్రాంతంలో ఎన్నానా అనే లేఖకుడు రాసింది. అందులో ఉన్నది ఇద్దరు అన్నదమ్ముల కథ. అన్న పేరు అనూబిస్, తమ్ముడి పేరు బాటా. వదిన వేసిన నింద వల్ల తమ్ముడు ఇల్లు విడిచిపోయి, తన గుండెను తీసి ఒక చెట్టు పువ్వు మీద పెట్టుకుంటాడు. దేవతలు అతనికి ఒక భార్యను చేసి ఇస్తారు. ఆమె జడపాయ నీళ్ళలో కొట్టుకుపోయి, దాని పరిమళం ఫారో దాకా చేరుతుంది. ఫారో ఆమెను పిలిపించుకుంటాడు. ఆమె ఆ చెట్టు కొట్టించమంటుంది. చెట్టు కూలగానే బాటా ప్రాణం పోతుంది. అన్న ఏళ్ళ తరబడి వెతికి ఆ గుండెను పట్టి నీళ్ళలో వేస్తే తమ్ముడు మళ్ళీ లేస్తాడు. కథ అక్కడ ఆగదు, బాటా ఎద్దుగా, చెట్లుగా రూపాలు మార్చి చివరికి రాజవుతాడు.

ఇక్కడ ఒక పెద్ద మార్పు ఉంది, నాకు ఈ మొత్తం ప్రయాణంలో ఎక్కువ ఆలోచన రేపినది అదే. ఈజిప్టు కథలో ప్రాణం దాచుకున్నవాడు నాయకుడు. అతని గుట్టు తెలిసి చెట్టు కొట్టించిన స్త్రీ ద్రోహి. బాలనాగమ్మ కథలో, నార్వే కథలో, రష్యా కథలో ప్రాణం దాచుకున్నవాడు దుర్మార్గుడు. గుట్టు రాబట్టిన స్త్రీ ధైర్యశాలి. పని అదే, దాని మీద తీర్పు తిరగబడింది. ఈజిప్టు కథే మారి మారి మన కథ అయిందని నేననడం లేదు, అలా అనడానికి ఆధారం లేదు. కానీ ఆ పపైరస్ రాసింది రాజాస్థానంలోని లేఖకుడు. బాల్నా కథను అన్నాకు అందించింది అమ్మమ్మ. మగని గుట్టు ఆడది బయటపెట్టడం లేఖకుడి చేతిలో నేరమైంది, అమ్మమ్మ నోట విడుదల అయింది. చెప్పేవాళ్ళు మారితే కథలో ఎవరి పక్కన నిలబడాలో కూడా మారుతుంది.

ఆసియాలో ఇంకో మలుపు చూడండి. థాయిలాండు వారి రామాయణం ‘రామకియన్’లో రావణుడి పేరు తోత్సకన్. అతను తన గుండెను తీసి పెట్టెలో పెట్టి గురువైన మునికి అప్పగిస్తాడు. హనుమంతుడు మాయచేసి ఆ పెట్టెను సంపాదిస్తాడు. ఇంటి కథ ఇతిహాసంలోకి నడిచి వెళ్ళి రావణుడి ఒంట్లో చేరింది. అక్కడ అడిగే స్త్రీ లేదు, గుట్టు గెలిచేది వీరుడి యుక్తి. ఇదే సంగతి ఇటీవలి కాలంలోనూ కనిపిస్తుంది. హ్యారీ పోటర్ నవలల్లో, 2005లో వచ్చిన ఆరో పుస్తకంలో, వోల్డెమార్ట్ తన ఆత్మను ముక్కలు చేసి వస్తువుల్లో దాచుకున్నాడని తెలుస్తుంది. మన పిల్లలు ఆ పేజీ చదవగానే చిలుకను గుర్తుపట్టి ఉంటారు. అక్కడా గుట్టు బయటపడేది ఒక ముసలి ఉపాధ్యాయుడి జ్ఞాపకంలోంచి. చెరలో కూర్చుని, భయాన్ని మింగుకుని, ప్రేమ నటిస్తూ ప్రశ్న వేసే స్త్రీ ఆ కథలో లేదు.

అందుకే మన కథకు మనవాళ్ళు పెట్టిన పేరు నాకు గొప్పగా తోస్తుంది. నార్వేలో ఆ కథ రాక్షసుడి పేరు మీద ఉంది. రష్యాలో కొషే పేరు మీద ఉంది. మేరీ ఫ్రియర్ కూడా అన్నా చెప్పిన కథకు మాంత్రికుడి పేరే పెట్టింది, పంచ్‌కిన్ అని. తెలుగు జంగం కథకులు, బుర్రకథకులు, సురభి నాటక సమాజాల వాళ్ళు మాత్రం దీన్ని బాలనాగమ్మ అన్నారు. ఫకీరు కథ అనలేదు, చిలుకను తెచ్చిన బాలవర్ధి కథ అనలేదు.

సురభి రంగస్థలం మీద ఈ నాటకం తరాల పాటు ఆడుతూనే ఉంది. 1942లో జెమినీ వారు దీన్ని సినిమాగా తీశారు. దర్శకుడు సి. పుల్లయ్య. కాంచనమాల బాలనాగమ్మగా, గోవిందరాజుల సుబ్బారావు మాయల మరాఠీగా నటించారు. అదే ఏడాది పోటీగా ఇంకో బాలనాగమ్మ కూడా వచ్చింది. 1959లో ఎన్.టి. రామారావు, అంజలీదేవి జంటగా మరొకటి తీశారు. గమనించారా, కథలో ఫకీరు సినిమాకు వచ్చేసరికి మరాఠీ అయ్యాడు. భిక్షకు వచ్చే ఊరు తెలియని సన్యాసి ఒకప్పుడు భయం, గుర్రాల మీద వచ్చి ఊళ్ళు దోచిన దండు ఇంకొకప్పుడు భయం. ఆ పేర్లను ఒక మతం మీద, ఒక ప్రాంతం మీద నిందగా తీసుకోకూడదు. కథకులు అప్పటికప్పుడు తమ ఊరి పొలిమేరలో కనిపించిన భయానికి ఆ వేషం వేశారు, అంతే. అన్నా కుటుంబంలాంటి ఎన్నో రకాల మనుషుల నోట నలిగిన కథ ఇది, ఏ ఒక్కరి సొత్తూ కాదు.

సినిమాలో సుబ్బారావు గారి నటన ఎంత గొప్పదంటే, జనం మాయల మరాఠీనే ఎక్కువగా తలచుకునేవారు. అది నటుడి ప్రతిభ. కానీ అప్పటి నుంచి మన చెప్పడంలో కూడా బరువు కొంత మాంత్రికుడి వైపూ, కొంత కొడుకు సాహసం వైపూ వాలింది. పిల్లల బొమ్మల పుస్తకాల్లోకి వచ్చేసరికి కథ ఇంకా కుదించుకుపోయింది. ఫకీరు ప్రాణం చిలుకలో ఉందని ఎవరో చెప్పారు, కుర్రాడు పడవెక్కి వెళ్ళాడు అని రెండు వాక్యాల్లో తేల్చేస్తున్నారు.

ఈ రాత్రి పిల్లలకు ఈ కథ చెప్పేవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే ఒక మనవి. ఆ ప్రశ్న దగ్గర నిదానంగా చెప్పండి. బాలనాగమ్మ ఫకీరును ఎలా పలకరించిందో, ఇన్నాళ్ళు వ్రతమని దూరంగా ఉన్న మనిషి ఆ రోజు పీట వేసి ఎందుకు కూర్చోబెట్టిందో చెప్పండి. నువ్వు లేకపోతే నా గతేమిటి, నీకు చావనేది ఉందా అని ఆమె ఎంత మెల్లగా అడిగిందో చెప్పండి. వాడు ముందు ఒక అబద్ధం చెప్పాడనుకోండి, ఆమె నమ్మినట్టు ఎలా నటించిందో, రెండో అబద్ధాన్ని ఎలా పట్టుకుందో మీరే అల్లండి. మీ అమ్మమ్మలు అలాగే అల్లారు, అన్నా లిబెరాటా అమ్మమ్మా అలాగే అల్లి ఉంటుంది. వినే పిల్లలు, తర్వాతేమైంది అని మిమ్మల్ని తొందరపెడతారు. తొందరపడకండి. పడవా, సముద్రాలూ, చిలుకా ఆ తర్వాత రావచ్చు.